వడ్రంగి బల్ల మన గూడేలకు ఎందుకు రాలేదు?

ఈ సంచికకు చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు నేను జోడేఘాట్ గురించో, రాయి సెంటర్ల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి మీద నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక బల్ల గురించి రాస్తున్నాను. సరిగ్గా చెప్పాలంటే, మన ఇళ్లల్లో ఎప్పుడూ లేని బల్ల గురించి.

మా హాస్టల్ అంబర్‌పేటకూ తార్నాకకూ మధ్యన ఉంటుంది. పిల్లలు రోజూ యూనివర్సిటీ క్యాంపస్ లోపలి నుంచే కాలేజీలకు నడిచిపోతారు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో అందరికీ వర్క్‌షాప్ ఉంటుంది. ఏ బ్రాంచి అయినా సరే, రెండు చెక్క ముక్కలను కోసి, గాడి తీసి, ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టి హాఫ్ ల్యాప్ జాయింట్ చేసి చూపించాలి. పోయిన ఏడాది ఒక అమ్మాయి ఆ జాయింట్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. బాగా వచ్చింది. తర్వాత అడిగింది, "మేడమ్, అక్కడ ఇంత ఎత్తు బల్ల, దానికి ఇనుప వైస్, అన్నీ ఉన్నాయి. మా తాత నాగలి మొత్తం కింద కూర్చునే చేసేవాడు. మనవాళ్లకు బల్ల చేసుకోవడం తెలియదా?"

ఆ ప్రశ్నలో కొంచెం సిగ్గు ఉంది. తాత మీద ప్రేమ ఉంది, ఆయన పని చేసిన తీరు మీద మాత్రం చిన్నచూపు ఉంది. చదువుకోవడానికి పట్నం వచ్చిన మన పిల్లల్లో ఇది నేను చాలాసార్లు చూశాను. కింద కూర్చుని తినడం, కింద కూర్చుని రాయడం, కింద కూర్చుని పని చేయడం, అన్నీ వెనకబాటుతనం కిందే జమ అయిపోతాయి. అందుకే ఆ ప్రశ్నను పక్కన పెట్టకుండా కొన్నాళ్లు దాని వెంట తిరిగాను.

ముందు ఆ బల్ల ఎందుకో చూద్దాం. వడ్రంగి బల్ల మనం అన్నం తినే బల్ల లాంటిది కాదు. వస్తువులు పెట్టుకోవడం దాని అసలు పని కాదు, పట్టుకోవడం దాని పని. రంపంతో కోసేటప్పుడు చెక్క ఊగకూడదు. ఉలితో తొలిచేటప్పుడు కింద నుంచి గట్టి ఆధారం ఉండాలి. రందాతో చిత్రిక పట్టేటప్పుడు చెక్క ముందుకు జారకూడదు. ఈ మూడూ జరిగితే అది బల్లే, దానికి కాళ్లు ఉన్నా లేకపోయినా.

ఇప్పుడు తాతలు ఏం చేసేవాళ్లో గుర్తు చేసుకోండి. మా తాత కాడి చెక్కేటప్పుడు ఆ కాడి మీదే గుర్రం ఎక్కినట్టు కూర్చునేవాడు. ఆయన బరువే దానికి పట్టు. చిన్న ముక్క అయితే మడమ కింద నొక్కి, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య అంచును బిగించి ఉలి పట్టేవాడు. బాడిశతో చెక్కాలంటే భూమిలో సగం పాతిన మొద్దు ఉండేది, దాని మీద ముక్కను నిలబెట్టి కొట్టేవాడు. గొడ్డలి కామ లాంటి పొడుగు కర్రను చెట్టు కొమ్మల మధ్య పంగలో ఇరికించేవాడు. బండి చక్రం అయితే ఇంకా సులువు. తుమ్మ కుంభమే బరువు, అది ఎక్కడికీ కదలదు. దానికి ఆకులు, పూటీలు ఒక్కొక్కటే ఎక్కిస్తూ పోతే సగం అయ్యేసరికి ఆ చక్రమే బల్ల అవుతుంది. మైదానపు ఊళ్లలో వడ్లాయన కొట్టంలోనూ పని ఇలాగే జరిగేది. మొద్దు, పాదం, ఒళ్లు బరువు.

ఇది మన ఒక్కళ్ల పద్ధతే అయితే ఆ అమ్మాయి ప్రశ్నకు బలం ఉండేది. కానీ ఈజిప్టు చూడండి. మెకెత్రే అనే అధికారి సమాధిలో దాదాపు 4000 ఏళ్ల కిందటి చిన్న చెక్క బొమ్మల కొలువు దొరికింది. అందులో ఒక వడ్రంగి దుకాణం ఉంది. పనివాళ్లు కింద కూర్చుని బాడిశలు పట్టారు. నిలువుగా పాతిన గుంజకు దుంగను కట్టి ఒకడు రంపంతో కోస్తున్నాడు. ఇనుము కూడా సరిగ్గా తెలియని కాలంలో, రాగి, కంచు పనిముట్లతో, ఎత్తు బల్ల లేకుండా, ఆ దేశం వాళ్లు చేసిన కుర్చీలు ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి. జపాన్ వడ్రంగులు ఇప్పటికీ కాలితో తొక్కిపట్టి కోస్తారు, వాలుగా పెట్టిన దూలం మీద చిత్రిక పడతారు. ఆ దేశపు చెక్క గుడులను చూసి వాళ్లకు పని రాదనే ధైర్యం ఎవరికీ లేదు.

ఇక యూరప్. అక్కడి బల్ల మొదట ఎత్తుగా లేదు. జర్మనీలో సాల్బర్గ్ అనే చోట రోమన్ల కోట ఉంది. అక్కడి పాత బావుల్లో 2వ శతాబ్దం నాటి వడ్రంగి బల్లలు దొరికాయి. మోకాలి ఎత్తు ఉంటాయి. మందపాటి చెక్క, దానికి బెజ్జాలు వేసి దిగగొట్టిన కాళ్లు, అంతే. వాటి మీద కూర్చుని, లేదా మోకాలు ఆనించి పని చేసేవాళ్లు. మన పీటను నాలుగైదు అడుగులు సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి.

నడుము ఎత్తు బల్ల తర్వాత వచ్చింది. పట్నాల్లో ఒకే దుకాణంలో ఏళ్ల తరబడి కూర్చుని తలుపులు, బీరువాలు, గోడలకు చెక్క పలకలు చేసే వడ్రంగులకు పొడుగు పలకలను గంటల కొద్దీ చిత్రిక పట్టాల్సి వచ్చేది. నిలబడి, రందాను ముందుకు తోస్తూ, ఒళ్లంతా వేసి పని చేయాలంటే ఎత్తు కావాలి, కదలని బరువు కావాలి. ఫ్రాన్సులో ఆంద్రే రూబో అనే వడ్రంగి 1769 నుంచి అచ్చు వేసిన పెద్ద గ్రంథంలో అలాంటి బల్ల బొమ్మ ఉంది. ఇవాళ కాలేజీ వర్క్‌షాపుల్లో కనిపించే బల్లకు అదే పెద్దమ్మ. ఇద్దరు మనుషులు లేపలేనంత బరువు ఉంటుంది. అది ఒకచోట స్థిరపడ్డ పనికి పుట్టిన బల్ల.

ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. రంపం పళ్లు ఎటు తిరిగి ఉన్నాయన్నది. ముందుకు తోస్తే కోసే రంపానికి చెక్కను ఎదురుగా ఏదో ఒకటి ఆపాలి, కాబట్టి బల్ల కావాలి. తన వైపు లాగితే కోసే రంపానికి కాలే చాలు, ఎందుకంటే లాగినకొద్దీ చెక్క మన పాదానికే వచ్చి ఆనుతుంది. ఈజిప్టు రంపాలు, జపాన్ రంపాలు లాగేవే. మన దేశంలో పాత రంపాలు చాలావరకు లాగేవే. అంటే కూర్చునే తీరు, రంపం తీరు, పట్టు తీరు ఒకదానికొకటి సరిపోయేలా పెరిగాయి. ఇంగ్లీషువాళ్లు వచ్చి మన వడ్రంగులు కాళ్లతో పని చేస్తారని వింతగా రాసుకున్నారు. వాళ్ల పనిముట్లు మన చేతికిచ్చి, వాళ్ల బల్ల మాత్రం ఇవ్వకుండా, పని సరిగా రాలేదని అనడం కూడా జరిగింది. తోసే రంపాన్ని కాలితో పట్టి కోయమంటే ఎవరికైనా కష్టమే.

ఇంతవరకు చెప్పింది ఎక్కడి వడ్రంగికైనా వర్తిస్తుంది. మన గూడేలకు ప్రత్యేకమైన కారణం ఒకటి ఉందని నా అభిప్రాయం, అది అడవి.

మన పెద్దలకు కలప దుకాణానికి వచ్చేది కాదు, మనిషే కలప దగ్గరికి పోయేవాడు. టేకు, నల్లమద్ది, తుమ్మ, ఏది ఎక్కడుంటే అక్కడే పడగొట్టి, అక్కడే ముతకగా చెక్కి, బరువు సగం తగ్గించి ఇంటికి మోసుకొచ్చేవాళ్లు. గూడెం కూడా ఒక్కచోటే ఉండిపోయేది కాదు. పోడు మారేది, రోగం వస్తే ఊరే మారేది. అలాంటి బతుకులో మూడు మనుషుల బరువున్న బల్లను ఎవరు చేసుకుంటారు? పాదాన్ని మించిన పోర్టబుల్ బల్ల ఏముంటుంది?

తర్వాత రిజర్వు అడవుల హద్దులు గీశారు. పశువుల మేతకు బంబ్రం, కట్టెకు దుంపపట్టి అని పన్నులు వేశారు. కుమురం భీం పోరాటం గురించి చదివినవాళ్లందరికీ ఈ మాటలు తెలుసు. నాగలికి కర్ర కావాలన్నా, ఇంటికి గుంజ కావాలన్నా అటవీ సిబ్బందికి మామూలు ముట్టజెప్పాల్సిన రోజులవి. 1940లో భీం చనిపోయిన తర్వాత నిజాం ప్రభుత్వం ఈ గొడవకు కారణాలు తెలుసుకోవడానికి క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ సహాయం తీసుకుంది. ఆయన వియన్నావాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడంతో శత్రుదేశం పౌరుడిగా లెక్కగట్టి ఆయనను హైదరాబాదు రాజ్యం దాటకుండా ఉంచారు. ఆ నిర్బంధంలోనే ఆయన చెంచులను, కొండరెడ్లను, తర్వాత మన గోండులను కలిశాడు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. నేను టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కాబట్టి ఆ తేదీ నాకు ప్రత్యేకం. 1945లో ఆయన ఉస్మానియాలో ఆంత్రొపాలజీ ప్రొఫెసర్ అయ్యాడు. మీరు రోజూ బస్సు దిగి నడిచే ఈ క్యాంపస్‌లోనే. ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమై అప్పటికి ఆరేళ్లు. హైమెన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి, చాలావాటిని ఇంటర్నెట్‌లో చూడవచ్చు. చూసేటప్పుడు మొహాలు, నగలు, గుస్సాడీ టోపీలు మాత్రమే కాదు, పని చేస్తున్న చేతులు, కాళ్లు ఎక్కడైనా కనిపిస్తాయేమో కూడా చూడండి.

నేను చెప్పదలచుకున్నది ఇది. కలప తెచ్చుకోవడమే నేరంగా మారిన చోట, ఇంటి ముందు శాశ్వతంగా ఒక వడ్రంగి బల్ల వేసుకోవడం అంటే 'నా దగ్గర కలప ఉంది, వచ్చి పట్టుకోండి' అని బోర్డు పెట్టుకోవడమే. అడవి పక్కనే ఉన్నా మన ఇళ్లల్లో వడ్రంగం ఎదగకపోవడానికి, ఉన్న పని కూడా నాగలి, కాడి, మంచం దగ్గర ఆగిపోవడానికి తెలివి తక్కువ కారణం కాదు. పనితనం ఎంత ఉందో కావాలంటే పర్‌ధాన్ల కీకిరి చూడండి. ఒకే కొయ్యను లోపల తొలిచి, తోలు కప్పి, మూడు తీగలు బిగించే ఆ వాద్యం చేయడానికి ఎంత నిలకడైన పట్టు కావాలో ఒక్కసారి ఉలి పట్టినవాళ్లకు తెలుస్తుంది.

పాశ్చాత్య దేశాల్లోనూ అడవిలో పని చేసినవాళ్లు మనలాగే ఆలోచించారు. ఇంగ్లండులో చిల్టర్న్ కొండల్లో బీచ్ చెట్ల అడవులు ఉన్నాయి. అక్కడ కుర్చీ కాళ్లు తయారు చేసే పనివాళ్లను బాడ్జర్లు అనేవారు. వాళ్లు అడవిలోనే చిన్న పాక వేసుకొని, వంగే కర్రకు తాడు కట్టి కాలితో తొక్కే తరిమెన పట్టేవాళ్లు. చెక్కడానికి చెక్క గుర్రం లాంటి బల్ల ఉండేది. దాని మీద కూర్చుని కాలితో కింది కర్రను ముందుకు నెడితే పైనున్న తలకాయ లాంటి ముక్క వచ్చి చెక్కను అదిమి పట్టేది. నెట్టడం ఆపితే వదిలేది. బరువు తక్కువ, కాలే బిగింపు. అక్కడ చెట్లు అయిపోతే ఇంకోచోటికి పాక మార్చేవాళ్లు.

ఇప్పుడు అసలు తమాషా. 1961లో రాన్ హిక్‌మన్ అనే ఆయన ఇంగ్లండులో ఇంట్లో బట్టల అల్మరా చేసుకుంటూ, ఆధారానికి వేసుకున్న మంచి కుర్చీని కూడా కలిపి కోసేశాడు. ఆయన సామాన్యుడు కాదు, లోటస్ ఎలాన్ కారును డిజైన్ చేసినవాడు. దక్షిణాఫ్రికాలో పుట్టాడు. ఆ కుర్చీ పోయిన బాధలో మడత పెట్టే వడ్రంగి బల్ల ఒకటి తయారు చేశాడు. పైన ఒకే పలకకు బదులు రెండు పొడుగు పలకలు, వాటి మధ్య సందును హ్యాండిల్ తిప్పి బిగించవచ్చు, అంటే బల్ల మొత్తమే వైస్. కంపెనీలు మొదట కాదన్నాయి. బ్లాక్ అండ్ డెక్కర్ కూడా కాదంది. 1968 నుంచి తనే అమ్ముకున్నాడు. 1972లో బ్లాక్ అండ్ డెక్కర్ మనసు మార్చుకొని వర్క్‌మేట్ పేరుతో తీసుకొచ్చింది. తర్వాత కోట్లలో అమ్ముడుపోయింది. ఇవాళ మన ఆన్‌లైన్ దుకాణాల్లో కనిపించే మడత బల్లలన్నీ దాని పిల్లలే.

ఆ వర్క్‌మేట్ అడుగున ఒక మెట్టు ఉంటుంది. బల్ల తేలికైంది కాబట్టి, కోసేటప్పుడు జారకుండా దాని మీద ఒక కాలు వేసి తొక్కిపట్టాలి. రెండు ఎత్తులు కూడా ఉన్నాయి, రంపం పనికి కాళ్లు మడిచి కిందికి దించుకోవచ్చు. అంటే ఎత్తు బల్లల దేశంలో బల్లను సంచారానికి తయారు చేయాలనుకునేసరికి ఏం కావాల్సి వచ్చిందో చూడండి: కాలు, ఒంటి బరువు, తక్కువ ఎత్తు. ఈ మధ్య అమెరికాలో కొందరు చేతిపని వడ్రంగులు రోమన్ల మోకాలి బల్లను మళ్లీ చేసుకొని దాని మీద కూర్చుని పని చేస్తున్నారు. మా తాతకు చెబితే నవ్వేవాడు.

తార్నాక సందుల్లో కొత్త అపార్ట్‌మెంట్లలో పని చేసే వడ్రంగులను మీరూ చూసి ఉంటారు. ప్లైవుడ్ షీటుకు సందు కోసి, కింద నుంచి చేతి రంపం మెషీన్‌ను తలకిందులుగా బిగించి, అదే బల్లగా వాడుకుంటారు. ఇల్లు పూర్తవగానే విప్పేసి ఇంకో ఇంటికి పోతారు. వాళ్ల తెలివికి నా దండం, కానీ ఆ మెషీన్‌కు పైన కప్పు ఉండదు, చెక్క వెనక్కి తన్నితే ఆపేది ఏమీ ఉండదు. ఆ పద్ధతిని మాత్రం మీరు నేర్చుకోవద్దు.

ఇంత చదివాక మా పిల్లలు హాస్టల్‌కు ఒక బల్ల కావాలన్నారు. డాబా మీద, వేప చెట్టు కింద, ఎక్కడికైనా ఇద్దరు ఆడపిల్లలు మోసుకుపోగలగాలి. కొనాలా, చేయాలా అని రెండు వారాలు వాదన నడిచింది. మడత బల్ల కొనడానికి ఒక మంచి కారణం ఉంది. ప్లైవుడ్, అరల చెక్కలు నిలబడి కోయాలన్నా, డ్రిల్లు వేయాలన్నా దాని పొడుగు బిగింపు చాలా హాయి. కొనేవాళ్లకు నా సలహా ఒక్కటే: దుకాణంలో దాన్ని విప్పించి, అరచేత్తో పక్కకు గట్టిగా తోయండి. చేతికే ఊగితే రందాకు ఆగదు. పై పలక పొట్టు అతికించి చేసినదైతే వానకు ఉబ్బి పొరలు లేస్తుంది, బయట వాడకానికి పనికిరాదు.

మేం చేసుకోవడానికే నిశ్చయించాం, మోకాలి ఎత్తుది. నగరంలో పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దూలాలు అమ్మే దుకాణాలు ఉన్నాయి. ఎండి ఎండి ఉన్న కలప, ఇక వంకర పోదు. కోయించే ముందు మేకులు ఉన్నాయేమో అయస్కాంతంతో చూసుకోవాలి. బిల్లు తప్పక తీసుకోవాలి. ఊళ్లో చేసుకునేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. 2006 అటవీ హక్కుల చట్టం మనకు వెదురు మీద, చిన్న అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది, కలప అందులో లేదు.

పలక కొలత 5 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం. టేకు అయితే 13 కిలోల వరకు తూగుతుంది, కాళ్లతో కలిపి 16. బరువు ఇంతకంటే తగ్గించాలని చూడకండి, మీరు మీద కూర్చుంటే మీ బరువు కూడా దానికే కలుస్తుంది కదా. వెడల్పు కూడా పెంచకండి, అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చోవాలి. ఎత్తు 17 అంగుళాలు పెట్టాం, మా పిల్లల మోకాళ్లకు కొలిచి. మీ కొలత మీరు చూసుకోండి. కాళ్లు నాలుగు, బయటికి వాలుగా. నేరుగా పెడితే అంచు మీద కూర్చోగానే తిరగబడుతుంది. బెజ్జాలు కిందికి సన్నంగా కాకుండా పైకి సన్నంగా తొలిపించి, కాలి పైకొనను కూడా అలాగే చెక్కితే, కూర్చున్నకొద్దీ కాలు ఇంకా బిగుస్తుంది. పై నుంచి సుత్తితో కొడితే ఊడుతుంది. మేకు, స్క్రూ, జిగురు ఏమీ అక్కర్లేదు. ఎగుడుదిగుడు నేల మీద ఊగితే ఒక కాలి కింద రాయి పెట్టుకోవడమే.

పలక ముందు చివర రెండు బెజ్జాలు, వాటిలో రెండు గట్టి చెక్క గూటాలు. చిత్రిక పట్టే చెక్క వాటికి ఆని ఆగుతుంది. మధ్యలో ఇంకో బెజ్జం, దాంట్లోంచి తాడు పైకి తీసి, చెక్క మీదుగా వేసి, మళ్లీ కిందికి దించి ముడి వేస్తే, ఆ తాడులో పాదం పెట్టి తొక్కితే చెక్క కదలదు. గుండ్రటి కర్రలకు, వంకర కొయ్యలకు ఇంతకంటే మంచి పట్టు నాకు కనిపించలేదు. దీని కోసం ఒక సి-క్లాంప్ కూడా కొన్నాం, ఇప్పటికైతే అది డబ్బాలోనే ఉంది.

జూన్‌లో కాళ్లు ఊడదీసి పలకకు, కాళ్లకు లిన్సీడ్ నూనె రాసి మెట్ల కింద నిలబెడతాం. బాడిశ పనికి విడిగా ఒక మొద్దు ఉంది, బల్ల మీద బాడిశ పెట్టనివ్వను. మొదటి పని పుస్తకాల గూడు. దాని అర చెక్కలు 6 అడుగులు, బల్ల 5 అడుగులే. బయటికి వేలాడే ఆ చివరకు ఆధారంగా మొద్దునే జరుపుతాం, అందుకే దాన్ని కూడా సరిగ్గా 17 అంగుళాలకే కోయించాం.